జప్తు అనే మాట



‘జప్తు’ అన్న మాట వింటే పల్లెల్లో గుండె గుభేలుమంటుంది. అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఆ మాట అంటే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. అందుకే దాని అర్థం తెలిసికొనుట మేలు.

ఇది అరబీ మాట. ‘గట్టిగా పట్టుకొనుట’ అని భావం. పారసీ ద్వారా మొగలుల కచేరీలకు వచ్చింది. అక్బరు కాలంలో పొలం కొలిచి శిస్తు కట్టే పద్ధతిని కూడ ‘జబ్తీ’ అనేవారు. నేటి సివిల్ కోర్టు భాషలో జప్తు అంటే, బాకీ నిమిత్తం కోర్టు ఆజ్ఞతో ఆస్తిని పట్టుట. కాబట్టి వడ్డీ వ్యాపారి తనంతట తాను మీ ఇంటి సామాను ఎత్తుకొనిపోతే అది జప్తు కాదు, దౌర్జన్యమే. సాధారణంగా అతడు దావా వేసి, డిక్రీ పొందాలి. కోర్టు అమీనా రావాలి.

ఆ అమీనాకు సైతం హద్దులున్నాయి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం అవసరమైన బట్టలు, వంటపాత్రలు, పడకలు, పనివాని పనిముట్లు, రైతు బ్రతుకుతెరువుకు కావలసిన నాగలి, పశువులు, విత్తనాలు పట్టరాదు. 62వ సెక్షను ప్రకారం సామాను జప్తుకు ప్రొద్దుగుంకిన తరువాత, తెల్లవారక ముందు ఇంట్లో ప్రవేశించరాదు. అయితే ఆస్తిని తాకట్టు పెడితే 60వ సెక్షను దానిని కాపాడదు. గనుక చదివించుకొనకుండ ఏ కాగితం మీదా వ్రేలిముద్ర వేయకండి.

ఈ కనికరము క్రొత్తది కాదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము చూడండి. తిరగలిని తాకట్టు పట్టరాదు. అది ఇంటివారి ప్రాణాధారము. అప్పిచ్చినవాడు ఇంట్లో జొరబడక బయటనే నిలువవలెను. బీదవాని దుప్పటి ప్రొద్దుగుంకు వేళకు తిరిగి ఇయ్యవలెను. బాకీ న్యాయమైనదే కావచ్చు. అయినను మనిషి బ్రతుకును పట్టుకొనే హక్కు ఎవరికీ లేదు.

మన సంఘాలలో అప్పు తీసికొన్నవారే కాదు, ఇచ్చినవారూ ఉన్నారు. బాకీ అడుగుటకు వెళ్లే సహోదరుడా, ఆ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగుము. లోపల ఆరిన పొయ్యిని ప్రభువు చూస్తున్నాడు. నీ మాటను కూడ ఆయన వింటున్నాడు.