లూపులో ప్లస్ గుర్తు

మా టీములో కొత్తగా చేరిన ఒక కుర్రాడు జావాలో రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాం రాశాడు. వంద వరసలతో టెస్ట్ చేస్తే చిటికెలో అయిపోయింది. అసలు డేటా లక్ష వరసలు. టీ తాగి వచ్చినా అవలేదు! రివ్యూలో ఓ సీనియరు గారు "లూపులో ప్లస్ వాడకు, స్ట్రింగ్‌బిల్డర్ వాడు" అని ఒక్క ముక్క రాసి పడేశారు. ఎందుకని వీడు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నా గొడవంతా ఇక్కడే. మన బట్టీ చదువు ఆఫీసు దాకా వచ్చేసింది.

జావాలో స్ట్రింగు ఒకసారి తయారయ్యాక మారదు. ప్లస్‌తో కలిపితే పాతదంతా కాపీ చేసి కొత్తది పుట్టిస్తుంది. పువ్వు చేర్చాల్సినప్పుడల్లా దండంతా విప్పి కొత్త దారంతో మళ్ళీ కట్టినట్టన్నమాట. వరసకి 100 అక్షరాలనుకుంటే చివరికి వచ్చేది కోటి అక్షరాలే. దానికోసం కాపీ చేసేది దాదాపు 50,000 కోట్లు! బిల్డరైతే చోటు చాలనప్పుడు మాత్రమే దాన్ని సుమారు రెట్టింపు చేసుకుంటుంది. అన్ని కాపీలూ కలిపినా 4 కోట్లు దాటవు.

ఈ లెక్క చెప్పకపోతే ఏమవుతుంది? కుర్రాడు తర్వాత రాసిన ఫైల్లో పేరూ ఇంటిపేరూ కలపడానికి కూడా బిల్డరే. ఒకే ఎక్స్‌ప్రెషన్లో ఉన్న ప్లస్సుల్ని కంపైలర్ ఎప్పట్నుంచో తనే చూసుకుంటోంది. 2017లో వచ్చిన జావా 9 నుంచి ఆ పద్ధతి ఇంకా మెరుగైంది. కానీ లూపులో ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య జరిగేదాన్ని అది సర్దిపెట్టదు. అక్కడ మనమే చూసుకోవాలి. (పైథాన్ వాళ్ళు "మాకు బానే నడుస్తోందే" అంటారు. సీపైథాన్ కొన్ని సందర్భాల్లో పాత స్ట్రింగునే పొడిగిస్తుంది, అంతే. ఆ భాష డాక్యుమెంటేషనే జాయిన్ వాడమంటుంది.)

కుర్రాణ్ణి కూచోబెట్టి కాగితమ్మీద ఈ లెక్క వేసి చూపించా. నిజం చెప్పొద్దూ, నేనూ ఇదివరకు చాలామందికి ఆ ఒక్క ముక్కే రాసి వదిలేశాను. కాసేపు ఆలోచించి వాడు, "అయితే సార్, ఎలాగూ ఫైల్లోకే కదా వెళ్ళేది, అసలు అంత పెద్ద స్ట్రింగెందుకు?" అన్నాడు. బిల్డర్ తీసేసి, వరసలన్నీ బఫర్డ్‌రైటర్‌తో నేరుగా ఫైల్లోకే రాశాడు.

నాకు తట్టనేలేదు.