కూతకెళ్లేదెవరు? కుర్చీలో ఎవరు?

మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోతుంటే, సాయంత్రంపూట స్కూలు గ్రౌండుల్లో సున్నంతో గీసిన కబడ్డీ గీతలు కనిపిస్తాయి. మా చిన్నప్పుడు చెడుగుడు అనేవాళ్లం. ఆ గీతల మధ్య ఇప్పుడు ఆడపిల్లలూ ఉన్నారు, చున్నీ నడుముకు బిగించి. "రేపు పెళ్లి కావలసిన పిల్ల, కాలు విరిగితే?" అనే పెద్దమ్మలూ ఉన్నారనుకోండి! బ్యాటూ బంతీ కొనే పని లేని ఆట. అందుకే మన ఊళ్లలో నిలిచింది. ఈ ఆట మీద ఢిల్లీలో నడిచిన కోర్టు వ్యవహారాన్ని మనకెందుకులే అని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

భారత అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్యకు జనార్దన్ సింగ్ గెహ్లాట్ గారు దాదాపు 28 ఏళ్లు అధ్యక్షులు. జాతీయ క్రీడా సంఘాల పెద్దల పదవికీ, వయసుకూ హద్దులు పెడుతూ కేంద్రం 2011లో నియమావళి తెచ్చింది. 2013లో ఆయన దిగారు. ఆ కుర్చీలోకి వచ్చింది ఆయన భార్య. ఆయనేమో జీవితకాల అధ్యక్షులయ్యారు! కొందరు మాజీ క్రీడాకారులు కోర్టుకెక్కారు. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ ఎన్నికా చెల్లదు, ఆ జీవితకాల పదవీ చెల్లదు అని తేల్చి, సంఘాన్ని ఒక పాలనాధికారి చేతికిచ్చింది.

ఆవిడ సమర్థత గురించి కాదు నా మాట. సర్పంచి సీటు ఆడవాళ్లకు రిజర్వయితే సంతకం ఆమెది, పెత్తనం ఆయనది కావడం మనం చూడందా? ఆ అనుమానానికి తావివ్వడమే తప్పంటాను.

"మాది స్వతంత్ర సంఘం, సర్కారుకేం పని?" అని క్రీడా సంఘాలు ఎప్పట్నుంచో వాదిస్తున్నాయి. దేశం పేరుతో జట్టును పంపే అధికారం చేతిలో ఉంచుకుని ఎవరికీ జవాబు చెప్పనంటే ఎలా? హద్దులు పెట్టడం న్యాయమేనని 2014లోనే ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయితే రెండో వైపూ చూడాలి. బయటివాళ్ల జోక్యం పేరు చెప్పి 2022 ఆగస్టులో ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. అక్టోబరులో మన దేశంలోనే జరగవలసిన 17 ఏళ్లలోపు ఆడపిల్లల ప్రపంచ కప్పు చేజారేంత పనయింది. సస్పెన్షన్ ఆ నెలలోనే ఎత్తేశారు కాబట్టి సరిపోయింది.

కబడ్డీలో అయితే వ్యవహారం ఏళ్లకేళ్లు సాగింది. 2023 డిసెంబరులో ఎన్నికలయ్యాయి. గెలిచినవాళ్లకు పగ్గాలు మాత్రం అందలేదు. ఎన్నికైన కార్యవర్గం లేదని అంతర్జాతీయ సమాఖ్య మన సంఘాన్ని పక్కన పెట్టింది. ఇరాన్‌లో ఆసియా మహిళల పోటీలు దగ్గరకొచ్చాయి, మన పిల్లలకు దారి లేదు. చివరికి ఇద్దరు క్రీడాకారిణులు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ప్రాక్టీసు చేసుకోవలసిన పిల్లలు వకీళ్ల చుట్టూ తిరగడం ఏమిటండీ! 2025 ఫిబ్రవరిలో కోర్టు, ఎన్నికైనవారికి సంఘాన్ని అప్పగించమంది. జట్టు టెహ్రాన్ వెళ్లింది. మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం రోజున, ఫైనల్లో ఇరాన్‌నే 32-25తో ఓడించి కప్పు తెచ్చింది. ఆ కోర్టు ఉత్తర్వు ఒక్క నెల ఆలస్యమైతే ఆ అమ్మాయిలు ఇంట్లో కూర్చునేవారు.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. తగాదాలకు వేరే ట్రిబ్యునల్ అన్నది. కార్యవర్గంలో 15 మందికి మించరాదు, కనీసం నలుగురు మహిళలుండాలి, పేరున్న ఆటగాళ్లకూ చోటుండాలి అన్నది. సంతోషమే. నాకున్న భయమల్లా ఆ నలుగురూ ఎవరి భార్యలు, ఎవరి కోడళ్లు అవుతారన్నదే. ఒక్కసారైనా కూతకెళ్లి మోచేతులు గీరుకున్నవాళ్లు అందులో ఉండాలి.

మీ అమ్మాయి గ్రౌండుకు వెళుతుంటే ఈసారి ఆ మాస్టారినే అడగండి, మన జిల్లా సంఘంలో ఆడవాళ్లెందరున్నారు, వాళ్లలో ఆడినవాళ్లెందరని. జవాబు మాకు రాయండి.