తనిఖీ వారం

పాయా లేబర్ ఎంఆర్‌టీ స్టేషన్‌కి దగ్గర్లో, యూనోస్ రోడ్ 8 లో లైఫ్‌లాంగ్ లర్నింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. సాయంత్రాలు ఆఫీసు నుంచి అటే క్లాసులకి వెళ్లే నడివయసు వాళ్లని చూస్తే, నాకెందుకో మా కాలేజీలో నాక్ బృందం వచ్చిన వారం గుర్తొస్తుంది. తాళాలు పడి ఉండే ల్యాబులు తెరుచుకున్నాయి. గోడలకి రంగులు పడ్డాయి. జరగని మీటింగులకి మినిట్సు పుట్టాయి. బృందం వెళ్లిన మర్నాడు తాళాలు మళ్లీ పడ్డాయి.

1994లో నాక్ పెట్టిన ఉద్దేశం మంచిదే. కాలేజీకో నాణ్యతా విభాగం, ఏటా ఒక నివేదిక అన్నవీ మంచివే. కానీ గ్రేడే గమ్యమైతే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో చూశాం. గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకి మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణపై తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది.

1950లో జపాన్ వెళ్లి నాణ్యత పాఠాలు చెప్పిన డెమింగ్, తర్వాత రాసిన పద్నాలుగు సూత్రాల్లో మూడోది ఇదే: నాణ్యత కోసం తనిఖీల మీద ఆధారపడకండి, పని జరిగేచోటే దాన్ని పెంచండి. ఫ్యాక్టరీలో చెడిన బోల్టుని పక్కన పడేసి ఇంకోటి చేసుకోవచ్చు. పిల్లవాడి నాలుగేళ్లు మళ్లీ చేసివ్వలేం కదా!

"విద్యార్థే కస్టమర్" అనడమూ నాకు నచ్చదు. కస్టమర్ని మెప్పించాలంటే మార్కులు దండిగా వేస్తే సరిపోతుంది.

ఇక్కడ సింగపూర్లో విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవాలంటే ప్రైవేటు సంస్థకి ఎడ్యుట్రస్ట్ గుర్తింపు కావాలి. దాని షరతుల్లో ఫీజుకి రక్షణ ఒకటి. సంస్థ మూతపడితే విద్యార్థి డబ్బు మునగకూడదని. ఇది మంచి పాఠం చెప్పిస్తుందని కాదు. కానీ నష్టపోయేది ఎవరో గుర్తుపెట్టుకుని రాసిన నిబంధన ఇది.

మనవాళ్లు చేయగలిగింది పైసా ఖర్చు లేనిది ఒకటుంది. సెమిస్టర్ మూడో వారంలో క్లాసులో తలా ఒక తెల్ల కాగితం ఇవ్వండి. పేరు రాయక్కర్లేదు, ఏది అర్థం కాలేదో రాస్తే చాలు. తర్వాతి క్లాసులో వాటిని చదివి వినిపించి, ఏం మారుస్తారో చెప్పండి. నెల తర్వాత మళ్లీ అడగండి.

తనిఖీ బృందానికి చూపించాల్సిన ఫైలంటూ ఉంటే, ఆ కాగితాలే. అందులో తప్పులు కనిపిస్తాయని భయమా? తప్పులు కనపడని ఫైలునే నేను నమ్మను.