గేటుకు తాళం వేస్తే వాగు ఆగదు

వానలు పడగానే మోస్రా, వర్ని, బోధన్ వైపు పోరగాళ్ల బండ్లు నిర్మల్ మీదుగా కుంటాల, పొచ్చెర జలపాతాల దారి పడతాయి. అక్కడ ఎవరో మునిగిపోయారన్న వార్త రాగానే, జలపాతాలు మూసేయాలన్న మాట మొదలవుతుంది. ఆ బాధ నిజమే. కానీ ప్రమాదమంతా ధార కిందే ఉందనుకోవడం పొరపాటు. 2023 జులై 26న ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గరి ముత్యంధార చూడబోయిన దాదాపు 80 మంది అడవిలో చిక్కుకున్నారు. వాళ్లను ఆపింది జలపాతం కాదు, తిరుగుదారిలో పొంగిన వాగు. చీకట్లో దాటొద్దని, ఎత్తైన చోట ఉండమని అధికారులు ఫోన్లో చెప్పారు. మర్నాడు తెల్లవారుజామున జాతీయ విపత్తు స్పందన దళం అందరినీ బయటికి తెచ్చింది.

నిజాంసాగర్ కాలువ కింద పెరిగిన ఈ పోరగాళ్లకు నీళ్లంటే తూము ఎత్తితే వచ్చేవి, దించితే ఆగేవి. కుంటాల దగ్గర దూకే కడెం వాగుకు అక్కడ తూము లేదు. కుంటాలలో ఎండ కాస్తున్నా, ఎగువన బజార్‌హత్నూర్ వైపు దంచికొట్టిన వాన కాసేపటికి ఇక్కడికి దిగుతుంది. ఆ కబురు హెచ్చరిక బోర్డు చెప్పలేదు, ఆ వాగు పక్కనే బతికే గోండు, కొలాం యువకులు చెప్పగలరు. వాళ్లను గైడ్లుగా పెట్టి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, పరిమిత సంఖ్యలో నడకకు పంపాలి. గుడారాలు వాగు ఒడ్డు ఇసుకలో కాదు, ఊరి దగ్గరి మెట్ట మీదే వేయనివ్వాలి.

అనుమతిస్తే జనం ఎగబడతారని కొందరంటారు. కర్ణాటకలో 2024 జనవరిలో కుమారపర్వతం మీద జనం కిక్కిరిస్తే అక్కడి ప్రభుత్వం ట్రెక్కింగు ఆపింది. తర్వాత ఆన్‌లైన్ బుకింగు, రోజువారీ పరిమితి పెట్టి మళ్లీ తెరిచింది. పులుల మాటేమిటంటే, కవ్వాల్ పులుల అభయారణ్యం కోర్ ప్రాంతాన్ని వానాకాలంలో మూయడం సబబే, అందులో గుడారం ఊసే ఎత్తకూడదు. అటవీ సిబ్బంది చాలరన్న అభ్యంతరం మాత్రం గట్టిదే. అందుకే మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులకు బసలు అప్పగించినట్టు ఇక్కడా ఊరివాళ్లకే బాధ్యత ఇవ్వాలి. వాగు చూసి ‘ఇవాళ వద్దు’ అనే అధికారం గైడుదే కావాలి. అలా అన్న రోజుకూ అతనికి కూలి ముట్టాలి. టికెట్టు తెగితేనే డబ్బులంటే, పొంగే వాగు మీదుగా జనాన్ని దాటించేదీ అతనే అవుతాడు.