వెనకబడిన సీమకు థియరీ ఎందుకంటారా?

ఆదోని, ఎమ్మిగనూరు పేరెత్తగానే చదువుల గురించి మాట్లాడే పెద్దలందరూ ఒకటే పాట అందుకుంటారు. వాన నమ్మలేని నేల, కూలి పనికి ఊరు విడిచి సుగ్గికి పోయే జనం, నడుమలో బడి మానేసే పిల్లలు. ఇలాంటి చోట ఫిజిక్సులో సిద్ధాంత పరిశోధన అంటూ కూర్చుంటే కూడు పెడుతుందా? నాలుగు నెలల కోర్సు చేయించి, చేతిలో సర్టిఫికెట్ పెట్టి, బెంగళూరు బస్సెక్కిస్తే చాలదా? ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. చాలామందికి ఈ ప్రాంతం మీద నిజమైన జాలి ఉంది. నా తగాదా ఆ జాలితోనే.

ఆదోని పత్తి యార్డులో ఒక పూట నిలబడి చూడండి. వ్యాపారి కుప్ప దగ్గరికి వస్తాడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి పిడికెడు పత్తి లాగుతాడు. రెండు చేతుల బొటనవేళ్ల నడుమ పింజను సాగదీసి పొడవు చూస్తాడు, తేమ ఎంతుందో వేళ్లతోనే పసిగడతాడు, ఆ పిడికెడును బట్టి కుప్ప మొత్తానికి ధర కడతాడు. రైతు ఒప్పుకోడు. నువ్వు తీసిన చోట తడిసింది, ఇంకోచోట తీసి చూడన్నా అంటాడు. పిడికెడు చూసి కుప్ప సంగతి ఎంతవరకు చెప్పొచ్చు? ఎంత ఆరితేరిన చేతికైనా తప్పని పొరపాటు ఎంత? ఇది అచ్చంగా సిద్ధాంత ప్రశ్న. దీనికి గణితంలో జవాబు రాసినవాడు పరాయివాడేం కాదు.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో పుట్టాడు. అది అప్పటి బళ్లారి జిల్లా. ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరు కూడా ఆనాడు ఆ జిల్లావే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు చేరాయి, హడగలి అటు పోయింది. రావు పోలీసు ఉద్యోగి కొడుకు, ఇంట్లో ఎనిమిదో బిడ్డ. గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడి చదువు, విశాఖలో గణితం ఎమ్మే. యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లాడు. అది దొరకలేదు. 1941లో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు.

తర్వాతి కథ రావుగారే చెప్పుకున్నారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచాడు: సమాచారం లెక్కలేనంత ఉన్నప్పుడు నిలిచే ఈ ఫలితం, కాస్తే ఉన్నప్పుడూ నిలుస్తుందా? మాస్టారు ఆ రాత్రంతా కూర్చుని జవాబు రాబట్టారు. ఉన్న సమాచారంతో ఎంత నేర్పుగా, పక్షపాతం లేకుండా అంచనా కట్టినా పొరపాటు ఫలానా హద్దు కిందికి దిగదు. అదే 1945లో అచ్చయిన క్రామర్-రావు హద్దు. రాడార్లకూ, ఫోను ఉన్న చోటును పట్టే పద్ధతులకూ ఎంత కచ్చితత్వం సాధ్యమో తేల్చేది అదే. క్వాంటం కొలతలు చేసే భౌతిక శాస్త్రవేత్తలు దాని క్వాంటం రూపాన్ని రోజూ వాడతారు.

ఆ విద్యార్థి పేరు వి.ఎం. దండేకర్. 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి భారతదేశపు పేదరికం మీద పుస్తకం రాసిన దండేకరే. ఆ పాఠం నడిచింది బెంగాల్ కరువులో లక్షలమంది చచ్చిపోయిన కాలంలో. ఆకలి తీరాక థియరీ చూసుకుందామని మహలనోబిస్ అనలేదు. ఒక పక్క జనపనార పంట సర్వేలు, ఇంకో పక్క శుద్ధ గణితం, రెండూ ఒకే కప్పు కింద నడిపాడు. పేదోళ్లకు థియరీ దండగ అనేవాళ్లు ఈ గురుశిష్యులకు ఏం జవాబు చెబుతారో నాకు తెలుసుకోవాలనుంది.

ఇక సుగ్గి సంగతి. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి మిరప కోతకు గుంటూరు పోయే గుంపులకు పని కబురు వచ్చేది మేస్త్రి ద్వారా. అడ్వాన్సు ఆయన చేతిలో, బండి మాట్లాడేది ఆయన, కూలి లెక్క ఆయన పుస్తకంలో. ఒకాయన ఫోను ఎత్తకపోతే వందమంది పని ఆగిపోయే ఈ అల్లికను అర్థం చేసుకోవడానికి పనికొచ్చిన సిద్ధాంతం చాలావరకు ఫిజిక్సు నుంచి వచ్చింది. ఇంటర్నెట్ లాంటి నెట్‌వర్కుల్లో ఏదో ఒక కొస తెగితే పెద్దగా ఏమీ కాదు, పెద్ద కూడళ్లు పోతే మొత్తం చీలిపోతుందని 2000లో భౌతిక శాస్త్రవేత్త బరబాసి బృందం చూపింది. ఎక్కడో దూరాన నాలుగు కొత్త లంకెలు కలిపితే చాలు, అందరూ అందరికీ దగ్గరవుతారని అంతకు రెండేళ్ల ముందు వాట్స్, స్ట్రోగాట్జ్ తేల్చారు. ఉద్యోగ కబుర్లు ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే ఎక్కువ వస్తాయని 1973లోనే సమాజ శాస్త్రవేత్త గ్రానొవెటర్ రాశాడు. కోసిగి కూలోళ్లకు గుంటూరులో మేస్త్రి కాక మరో రెండు దారులుంటే కూలి బేరం ఎలా మారుతుందో లెక్క కట్టే పిల్ల ఎమ్మిగనూరు కాలేజీలో ఎందుకు ఉండకూడదు? 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టి, నేతగాళ్లే కూడలికి యజమానులయ్యే దారి వేశాడు. సమీకరణం లేకపోయినా అదీ ఒక సిద్ధాంతమే.

థియరీ ఖరీదైన సరదా అనేది మాత్రం పచ్చి అబద్ధం. ప్రయోగశాల కట్టాలంటే కోట్లు కావాలి. థియరీకి సుద్దముక్క, కాయితం, ఓపికున్న అయ్యవారు చాలు. భౌతిక శాస్త్రంలో ఎన్నో కొత్త పరిశోధన పత్రాలు 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతున్నాయి. ఫోను ఉన్న పిల్లకు ఆదోనిలోనూ అవే, అమెరికాలోనూ అవే.

అందరూ సి.ఆర్. రావులవుతారా అంటారు. కారు. నందిగామ బడికి తన దగ్గర కూర్చున్న పిల్లవాడు ఎవరో తెలుసా మరి? తెలియదు కాబట్టే అందరికీ పాఠం చెప్పింది. పని నేర్పే కోర్సులు వద్దనడం లేదు, అవి కావాల్సిందే. ఆకలి రేపటిదాకా ఆగదు. కానీ ఈ నేల పిల్లలకు అవి మాత్రమే చాలని ముందే తీర్పిచ్చేయడాన్ని ఒప్పుకోను.

2023లో, నూట రెండేళ్ల వయసులో, రావుగారికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది, ఆ 1945 నాటి పత్రాన్ని చూసే. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయారు. కాలేజీలు నడిపేవాళ్లకు ఒక మనవి: గిరాకీ లేదని ఫిజిక్సు, గణితం కోర్సులు ఎత్తేయకండి. ఈ ఏడు ముగ్గురే చేరారా, ఆ ముగ్గురికే పాఠం చెప్పించండి.