బారికేడ్ కన్నా ముందు లెక్క పడాలి

మహాశివరాత్రి నాడు నరసరావుపేట పరిసరాల్లోని దారులన్నీ కోటప్పకొండకే సాగుతాయి. త్రికోటేశ్వరస్వామి తిరునాళ్లకు లక్షల మంది వస్తారు. పట్టణానికి 12, 13 కిలోమీటర్ల దూరంలోని కొండకు నరసరావుపేట నుంచి, చిలకలూరిపేట నుంచి బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు, బైకులు ఒకేసారి కదులుతాయి. పోలీసులు కొన్ని రోడ్లు మూసేస్తారు, కొన్నింటిని వన్‌వే చేస్తారు, లారీలను దారి మళ్లిస్తారు. ఈ ఏర్పాట్లకు ప్రధాన ఆధారం అధికారుల అనుభవం. అది విలువైనదే. కానీ అధికారి బదిలీ అయితే ఆ అనుభవమూ ఆయనతోనే వెళ్లిపోతుంది. మూసివేత సరైనదో కాదో జనం ఇరుక్కున్న తర్వాతే బయటపడుతుంది.

ఈ పరీక్షను ముందుగానే కంప్యూటర్‌లో పెట్టవచ్చు. జర్మనీ ఏరోస్పేస్ పరిశోధన సంస్థ డీఎల్‌ఆర్ రూపొందించిన 'సుమో' అనే సాఫ్ట్‌వేర్ 2001 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. అందులో రోడ్లు, కూడళ్లు, ఏ గంటకు ఎన్ని వాహనాలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాయన్న వివరాలు ఇస్తే ఒక్కో బండినీ విడివిడిగా నడిపి చూపిస్తుంది. ఒక రోడ్డు మూస్తే ఆ బండ్లు ఏ దారి పడతాయో, ఏ కూడలిలో ఎంత బారు నిలుస్తుందో తెలుస్తుంది.

ఈ విషయంలో ఊహ రెండు వైపులా మోసం చేస్తుంది. కొత్త రోడ్డు వేస్తే అందరి ప్రయాణమూ ఆలస్యమయ్యే పరిస్థితి ఉండవచ్చని జర్మన్ గణిత శాస్త్రవేత్త డీట్రిష్ బ్రెస్ 1968లో నిరూపించాడు. 1990 ధరిత్రీ దినోత్సవం రోజున న్యూయార్క్‌లో 42వ వీధి మూసేస్తే నగరం స్తంభిస్తుందని భయపడ్డారు. తీరా చూస్తే ట్రాఫిక్ సాఫీగానే సాగింది.

మన తిరునాళ్లలో మరో చిక్కుంది. కావూరు, పురుషోత్తమపట్నం వంటి ఊళ్ల నుంచి వచ్చే విద్యుత్ దీపాలతో అలంకరించిన ప్రభ ఆకాశాన్నంటే ఎత్తుతో, రోడ్డంతా ఆక్రమించి మెల్లగా కదులుతుంది. అంటే మూసివేతే ఊరి నుంచి కొండ దాకా ప్రయాణిస్తుంది. ఏ ప్రభ ఎన్ని గంటలకు ఏ మలుపు చేరుతుందో, దాని వెనుక బస్సులు ఎంత దూరం ఆగుతాయో, ఆ సమయంలో అంబులెన్స్‌కు ఏ దారి మిగులుతుందో ఒకేసారి మనసులో లెక్కగట్టడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా కష్టం. ప్రభలు బయల్దేరే వేళలను అరగంట అటూ ఇటూ మార్చి ఫలితం చూసుకోవడం కంప్యూటర్‌లో తేలిక.

అయితే కంప్యూటర్ చెప్పిందల్లా వేదం కాదు. వరుసల్లో నడిచే పాశ్చాత్య ట్రాఫిక్ లెక్కలు ఆటో పక్కన బైకు, ట్రాక్టర్ ముందు పాదచారి నడిచే మన రోడ్డుకు నేరుగా సరిపోవు. అందుకే కేంద్ర రహదారి పరిశోధన సంస్థ 2017లో భారతీయ రహదారుల సామర్థ్య కరదీపికను సిద్ధం చేసింది. దాని విలువలు తీసుకుని, పండగ రోజు మన కూడళ్లలో వాహనాలను లెక్కించి సరిచూసుకోవాలి. ఆర్టీసీ డ్రైవర్లకు, ప్రభలు నడిపే ఊరి పెద్దలకు తెలిసిన మలుపులు, ఇరుకు చోట్లు కూడా కంప్యూటర్ నమూనాలో చేరాలి.

చిన్న పట్టణానికి ఇదంతా ఎందుకనే ప్రశ్న వస్తుంది. మహానగరంలో ఒక దారి మూస్తే మరికొన్ని మిగులుతాయి. ఇక్కడ ప్రత్యామ్నాయాలు తక్కువ కాబట్టి పొరపాటుకు మూల్యం ఎక్కువ. రోడ్లు తక్కువ కావడం వల్ల నమూనా తయారీ కూడా సులువే, మామూలు కంప్యూటర్ చాలు. నరసరావుపేటలోనే జేఎన్‌టీయూ కాకినాడ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఆ విద్యార్థులకు ఇంతకన్నా ఉపయోగకరమైన ప్రాజెక్టు ఏముంటుంది?

నరసరావుపేట ఉన్న పల్నాడు 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. వచ్చే శివరాత్రికి జిల్లా యంత్రాంగం కళాశాలతో, ఆర్టీసీతో కలిసి ఈ పని మొదలుపెట్టాలి. ఏ దారి మూస్తే ఎంత ఆలస్యమవుతుందన్న అంచనాను ముందే ప్రజల ముందుంచాలి. తిరునాళ్ల ముగిశాక అసలు జరిగినదానితో పోల్చి, తేడాలనూ ప్రకటించాలి. ఆ అలవాటు స్థిరపడితే జిల్లాలోని మాచర్ల, గురజాలలో వంతెన మరమ్మతుకో, రోడ్డు విస్తరణకో దారి మూయాల్సి వచ్చినప్పుడు కూడా నిర్ణయం వెనుక లెక్క చూపమని అడిగే హక్కు పౌరుడికి వస్తుంది.