లావు టైరు మోజు

మాదాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఏ టైర్ల షాపు ముందైనా కాసేపు నిలబడండి. "అన్నా, పదిహేను ఇంచుల చక్రం తీసి పదిహేడు వేస్తే లుక్కే మారిపోతుంది. గ్రిప్ కూడా వేరే లెవెల్." షాపతని ఈ మాటకు కారు తెచ్చిన కుర్రాడు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఫోనులో ఏదో ఫొటో చూసుకుని సరేనంటాడు. సగం కూడా అరగని పాత టైర్లు ఎక్స్‌ఛేంజ్ కింద మూలకు దొర్లుతాయి.

ఈ బేరంలో రెండు సరుకులు ఒకే బిల్లు మీద అమ్ముడుపోతున్నాయి. ఒకటి రోడ్డును బాగా పట్టుకునే రబ్బరు. రెండోది ఎత్తు తగ్గిన సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ. మొదటిది కొనండి. రెండోదాని జోలికి పోకండి.

ఆ మొదటి రకం రబ్బరుతో చేసినవాటిని హై పర్ఫార్మెన్స్ సమ్మర్ టైర్లంటారు. ఆ మాట మంచు కురిసే దేశాలది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి దిగితే ఆ రబ్బరు బిరుసెక్కి పట్టు వదిలేస్తుంది. అందుకే అక్కడ శీతకాలానికి వేరే టైర్లు బిగించుకుంటారు. న్యూజెర్సీలో స్పోర్ట్ మోడల్ కారు కొన్న మనవాళ్లు, దానికి ఏ టైర్లు వచ్చాయో చూసుకోకుండా జనవరిలో రోడ్డెక్కితే చిక్కుల్లో పడతారు. లంబసింగి లాంటి చోట్ల శీతకాలపు తెల్లవారుజాములను మినహాయిస్తే మనకా గొడవ లేదు.

మరి మనకు ఒరిగేదేమిటి? వాన రోడ్డు మీద బ్రేకు. సిలికా కలిపిన ఆ రబ్బరు తడి తారును గట్టిగా పట్టుకుంటుంది. జూన్ తొలి వానకు ఫ్లైఓవర్ మీద నూనె జిడ్డు పైకి తేలి, ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగిందనుకోండి. అప్పుడు కారు నాలుగడుగులు ముందే ఆగితే ఆ టైరు ఖరీదు తీరినట్టే. మిగతా గొప్పలన్నీ మనకు అక్కరకు రానివి. టైరు మీద 'వై' అక్షరం ఉంటే గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటుందని అర్థం. 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన గరిష్ఠ వేగం 120. 210 తట్టుకునే 'హెచ్' రకమే మనకు ఎక్కువ. పైగా పట్టు ఎక్కువున్న రబ్బరు సాధారణంగా త్వరగా అరుగుతుంది. ఆ ఖర్చుకు సిద్ధపడే కొనాలి.

ఇక సైజు సంగతి. 185/65 ఆర్15 టైరుకు సైడ్‌వాల్ ఎత్తు సుమారు 120 మిల్లీమీటర్లు. దాన్ని తీసేసి 205/45 ఆర్17 వేస్తే 92కు పడిపోతుంది. పోయిన ఆ 28 మిల్లీమీటర్లే గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగేవి. అవి లేకపోతే టైరు గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, పక్కన కోడిగుడ్డంత బుడగ లేస్తుంది. దానికి ప్యాచ్ పడదు. పంక్చర్ షాపతను ఒకసారి చూసి చెయ్యి ఊపేస్తాడు. అల్లాయ్ కూడా వంగిందంటే జేబుకు రెండో చిల్లు. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. దిగుమతి మీదే ఆధారపడే అరుదైన సైజు వేయించుకుని ఏ సూర్యాపేట దగ్గరో ఆగిపోతే దానికి జత దొరకడం గగనమే.

ఇంకో తిరకాసుంది. టైరు వెడల్పు పెరిగేకొద్దీ నిలిచిన నీటి మీద తేలిపోయే గుణమూ పెరుగుతుంది. అంటే వానకని కొన్న పట్టును ఆ లావే కొంత తినేస్తుంది. షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పరు. చెప్తే లుక్ పోతుంది కదా!

కాబట్టి కంపెనీ ఇచ్చిన సైజులోనే, తడి రోడ్డు మీద పేరున్న టైరు అడగండి. పక్కన నాలుగంకెల తేదీ చూడండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. గాలి ఎంత కొట్టించాలో డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. షాపతని నోటిలెక్క మనకొద్దు. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గేదాకా వాడొచ్చని చట్టం అంటుంది గానీ, వానాకాలం ముందు 3కు దిగి ఉంటే అప్పుడే మార్చేయడం మేలు. కొత్త కారు కొనేవాళ్లకైతే అసలు బేరం షోరూమ్‌లోనే ఉంది. అదే మోడల్లో చిన్న చక్రాలున్న వేరియంట్ ఉందేమో అడగండి. సేల్స్ కుర్రాడు మొహం చిట్లించినా సరే.